తువ్వాల కింద లెక్క

పోయిన వారం గీతాంజలిని మనం షెడ్డు గేటు దగ్గర వదిలిపెట్టాం. జమ్మలమడుగు నుంచి పెద్దముడియం పోయే రోడ్డు పక్కనున్న ఆ రేకుల షెడ్డే మంద కంపెనీకి ఆఫీసు, గోడౌను, సభ జరిగే చోటు కూడా. చుట్టుపక్కల ఊళ్ల గొర్రెల కాపరులు కూడి పెట్టుకున్న ఆ కంపెనీకి ఆమె మేనేజరు. బక్రీదుకు పొట్టేళ్లన్నీ కట్టగట్టి ప్రొద్దుటూరు వ్యాపారి అబ్దుల్ వాహిద్‌కు ఇస్తామని మాటిచ్చారు. అంతకుముందే విరేచనాలతో గొర్రెలను చంపే పారుడు రోగం సోకకుండా మందలకు సూదులు వేయించాలనుకున్నారు. ఎవరికెన్ని జీవాలున్నాయో మైకులో చెప్పించి, ఆ లెక్కకే మందు తెప్పించింది గీతాంజలి. తీరా చూస్తే ఏ మందలోనూ మందు సరిపోలేదు. మిగిలిన వాటిలో రోగం దిగింది. పెద్దసుబ్బమ్మ గొర్రెలు చావడం మొదలయ్యేసరికి, సూదులు వేసే కుర్రాడు అన్సర్ ఆ మందును బయట అమ్ముకున్నాడని మాట పుట్టింది. కాపరులు అతని బండి తాళం లాక్కుని మందుల గదిలో కూర్చోబెట్టారు. ఆ కబురు అందుకుని గీతాంజలి ఉరుకులు పరుగుల మీద వచ్చింది.

గేటు దాటి లోపలికి అడుగు పెట్టగానే ఆమెకు ముందు కనబడింది మనుషులు కాదు, మనుషులు నిలబడిన తీరు. ఎప్పుడు మీటింగుకు వచ్చినా కంబళ్లు పరుచుకుని, చెప్పులు పక్కన విడిచి, ఒకరి అగ్గిపెట్టె ఒకరు అడుక్కుంటూ సావకాశంగా కూర్చునేవాళ్లు. ఈరోజు ఒక్కరూ కూర్చోలేదు. కర్రలు చేతిలోనే ఉన్నాయి. రేకుల వేడికి అందరి మొహాలూ జిడ్డోడుతున్నాయి. ఆమెను చూసి ఎవరూ పలకరించలేదు, దారి మాత్రం ఇచ్చారు. ఆ దారి ఇవ్వడమే ఆమెకు భయం పుట్టించింది.

"వచ్చినావా పాపా," అన్నాడు కుళ్లాయప్ప. కంపెనీకి ఛైర్మన్ ఆయన. తెల్లచొక్కా మడత నలగని మనిషి, ఎంత కోపంలోనైనా గొంతు పెంచని మనిషి. ఆడపిల్లను మేనేజరుగా పెట్టుకోవడమేందని నలుగురూ నసిగినప్పుడు, మన కాపరోళ్ల బిడ్డే గదా అని ముందు చెయ్యెత్తింది ఆయనే. "నీ కోసరమే ఆగినాం. పొద్దు గుంకేలోగా వాన్ని స్టేషన్లో అప్పజెప్పి, ఎవరి మంద కాడికి వాళ్లం పోవల్ల. నువ్వు సరేనను, సాలు."

"నేను అన్సర్‌తో ఒక మాట మాట్లాడల్ల మామా."

"ఇంగా మాటలేంది?" మోహన్ ముందుకు వచ్చాడు. కాపరుల్లో వయసువాడు, నోరున్నవాడు. భుజం మీది తువ్వాలతో మెడ తుడుచుకుంటూ అన్నాడు: "ఎంబీయే సదివిన పిల్ల అని నెత్తిన పెట్టుకుంటిమి. మైకు పట్టుకోమంటే పట్టుకుంటిమి. తెర మీద బొమ్మలేసి సూపిస్తే, తెలిసినా తెలీకపోయినా తల ఊపితిమి. ఆడ జీవాలు పారుకోని పారుకోని సస్తాంటే, ఈడ మాట్లాడతానంటాండావు. నీ మాటలకు రోగం నిలబడతాదా?"

వెనకనుంచి ఎవరో "అట్లడుగు" అన్నారు.

గీతాంజలి మందుల గది తలుపు తోసింది.

లోపల ఫ్రిజ్జు గొణుగుతోంది. అన్సర్ బోర్లించిన ఐసు పెట్టె మీద కూర్చుని, మోకాళ్ల మధ్య చేతులు దూర్చుకుని ఉన్నాడు. ఆమెను చూసి లేవబోయి, మళ్లీ కూలబడ్డాడు. చొక్కా గుండీ ఒకటి తెగి ఉంది.

"కొట్టినారా?"

"లేదక్కా. లాగినారు, అంతే." గుండీ తెగిన చోట చొక్కాను దగ్గరికి లాక్కున్నాడు. "కువైట్ పోతాండానని వాళ్లకు తెలిసిపాయ. టికెట్టుకు దుడ్లు యాడివిరా అంటాండారు. మా చిన్నాయన పంపినాడంటే నమ్మరే. కేసంటూ రాస్తే నా కాగితాలు ఆడనే నిలబడిపోతాయి. మా యమ్మకు ఇంగా తెలీదు ఈ సంగతి."

"నాకు నిజం చెప్పు అన్సర్. మందు ఏమాయ?"

"యాడ ఏమైతాదక్కా? జీవాల ఒంట్లోనే ఉండాది. ఏసిన ప్రతిదానికీ ఈపున రంగు పూసినా. యాడికి పోయినా ఒకటే కత. వాళ్లు చెప్పిన లెక్కకు సీసాలు తీస్కపోతా. సగం మందకు రంగు పూసేలోగా సీసాలు ఖాళీ. 'ఏమప్పా, ఇంగా శానా ఉండాయే' అంటే, 'నువ్వు గమ్మున పని సూడు' అంటారు. లెక్కపెడదామంటే కర్రెత్తుతారు."

"అందరి దొడ్లలోనూ ఇట్లనేనా?"

"అందరివీ. ఛైర్మన్ మామ మాత్రం లోపలికే రానీలే. 'నేనే ఏసుకుంటాలే, సీసాలు ఈడిచ్చి పో' అన్నాడు, గేటు కాడనే. తక్కినోళ్లందరివీ ఇట్లనే."

ఛైర్మన్ గురించిన మాట ఆమె చెవి మీదుగా పోయింది. అంతకుముందు మాట మాత్రం ముల్లులా దిగింది. యాడికి పోయినా ఒకటే కత.

పోయిన చలికాలంలో పులివెందులలో ఇలాంటి చిన్న కంపెనీల మేనేజర్లకు శిక్షణ పెట్టారు. విశ్లేషణ, నాయకత్వం, సంభాషణ అని మూడు పేర్లు రాసి గోడకు అంటించారు. పాఠం చెప్పిన మాధవి మేడం సన్నగా, గబగబా మాట్లాడే మనిషి. "తప్పు ఒకచోట జరిగితే మనిషిని చూడండి. అదే తప్పు అన్నిచోట్లా ఒకే తీరుగా జరుగుతుంటే, మనిషిని వదిలేసి మీరు పెట్టిన పద్ధతిని చూసుకోండి," అని ఆమె చెప్పినప్పుడు గీతాంజలికి అది తెలిసిన సంగతిలాగే అనిపించింది. తెలిసిన సంగతి తనకే ఎదురు తిరుగుతుందని అప్పుడు తోచలేదు.

దొంగ అయినవాడు సందు దొరికిన చోట ఎక్కువ తీస్తాడు, కళ్లు ఉన్న చోట మానుకుంటాడు. ఊరూరా, దొడ్డి దొడ్డికీ సమానంగా పంచి దొంగతనం చేసేవాడెక్కడైనా ఉంటాడా? మందు తగ్గలేదు. జీవాలు పెరిగాయి. కాదు, పెరగలేదు. అవి ముందునుంచీ ఉన్నాయి. వాళ్లు చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు?

ఆ ప్రశ్నకు జవాబు వెతకనక్కర లేకపోయింది. అది ఆమె ఇంట్లోనే పెరిగింది, ఆమెతో పాటు. బడిలో కొత్తగా అంకెలు నేర్చుకున్న రోజుల్లో, సాయంత్రం మంద దొడ్డికి వస్తుంటే గడప మీద నిలబడి వేలు చూపిస్తూ ఒకటి, రెండు, మూడు అని గట్టిగా లెక్కపెట్టింది. నాయన ఓబులేసు పరిగెత్తుకొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. కొట్టలేదు, తిట్టలేదు. నాయన తల్లి జేజి మాత్రం ఉప్పు, మిరపకాయలు మంద చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. నోటితో లెక్కపెడితే మందకు దిష్టి. ఎవరైనా ఎన్నున్నాయని అడిగితే నాయన ఎప్పుడూ "ఏదో నాలుగుండాయి" అనేవాడు. మరీ గుచ్చి అడిగితే సగం చెప్పేవాడు. ఈ పొద్దుకీ తను పెరిగిన మందలో ఎన్ని గొర్రెలున్నాయో గీతాంజలికి తెలియదు.

అలాంటి ఇంట్లో పుట్టి, అలాంటి వాళ్లనే వరసగా నిలబెట్టి, మైకు చేతికిచ్చి, పదిమంది వింటుండగా మీ జీవాలెన్నో చెప్పండి అంది. అంకె లేని మాట వద్దన్న మేడం మాటను మాత్రం పట్టుకుంది. అడిగేముందు, జవాబు చెప్పడానికి ఎదుటివాడికి అడ్డమేమిటో చూడమని అదే మేడం అదే పూట చెప్పిన మాట చెవిన పడిందే గానీ మనసుకెక్కలేదు.

ఒక్కొక్కరూ సగం దాచారు. దాచిన సంగతి ఎవరిది వాళ్లకు తెలుసు. కానీ పక్కవాడు నిజమే చెప్పి ఉంటాడని ప్రతివాడూ అనుకుంటున్నాడు. పక్కవాడి దొడ్డిలోనూ రంగు పడని గొర్రెలు కనబడుతున్నాయి కాబట్టి దొంగతనం జరిగిందని ప్రతివాడూ నమ్ముతున్నాడు.

"నువ్వీడనే ఉండు," అని అన్సర్‌కు చెప్పి బయటికి వచ్చింది.

నిజం దొరికిన తొందరలో మనిషి దాన్ని ఎలా చెప్పాలో ఆలోచించడు. గీతాంజలీ ఆలోచించలేదు. తలుపు దగ్గర నిలబడే అంది: "మందు దొంగతనం కాలేదు. మీరు మైకులో చెప్పిన లెక్క తప్పు."

షెడ్డు షెడ్డంతా విరుచుకుపడింది.

"అంటే మేం దొంగలమా?"

"వాన్ని తప్పించను మా మీదికి తోస్తాండాదప్పా!"

"ఎంత తీస్కున్నావు పాపా వాని కాడ?"

పెద్దసుబ్బమ్మ కర్ర ఊతంతో జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది. మొగుడు పోయినాక మందను ఒంటిచేత్తో తోలుకొస్తున్న ముసలామె. నిద్రలేక ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "ఒమ్మే గీతా," అంది. "ఈ పొద్దున సూలుగొర్రెను గుంతలో ఏసొచ్చినానే. నా చేత్తో మన్నేసి వచ్చినా. నేనా అబద్ధాలదాన్ని?"

గీతాంజలి చెప్పింది నిజమే. కానీ ఆ నిజం చెప్పిన తీరుకు, రోగంతో తల్లడిల్లుతున్న మనుషులు ఒక్కటై గోడ కట్టినట్టు నిలబడ్డారు. ఇంక లోపలున్నవాడు దొంగ కాకపోతే వీళ్లందరూ అబద్ధాలవాళ్లు కావాలి. అలా తనే చేసిపెట్టింది.

కుళ్లాయప్ప నిట్టూర్చాడు. "సూడు పాపా, నువ్వు సిన్నదానివి. సదువుంది, అనుభవం లేదు. మంద నడిపినట్టే మనుషుల్ని నడపల్ల. మోహనూ, ఇంగ సాలు గానీ, వాన్ని లేపండప్పా."

మోహన్ తలుపు వైపు నడిచాడు. గీతాంజలి పక్కకు జరగలేదు. తలుపు చెక్కను వెనక్కి పట్టుకుంది.

"అడ్డం లెయ్ గీతా. ఆడపిల్ల మీద చెయ్యి పడిందనిపించుకోలేను నేను," అన్నాడు మోహన్. మెడ మీద చెమట తుడుచుకుని తువ్వాలను విదిలించి భుజాన వేసుకున్నాడు.

ఆమె చూపు ఆ తువ్వాల మీద నిలిచింది.

పులివెందుల సంత. నాయన భుజం పక్కన నిలబడి చిన్నప్పుడు ఎన్నిసార్లు చూసిందో. బేరగాడు, నాయన ఎదురెదురుగా కూర్చుంటారు. ఇద్దరి చేతుల మీదా తువ్వాల. ఇద్దరి మొహాల్లోనూ ఏమీ కనబడదు. తువ్వాల కింద వేళ్లు మాట్లాడుకుంటాయి. చుట్టూ నూరుమంది ఉన్నా అంకె ఎవరి చెవినా పడదు. నోటితో ఎంత బొంకినా బొంకవచ్చు గానీ, తువ్వాల కింద వేలు పట్టి మాట తప్పినవాడితో మళ్లీ సంతలో ఎవరూ చెయ్యి కలపరు.

"మోహనన్నా," అంది. "నీ తువ్వాల ఇట్లియ్యి."

"ఏంది?"

"తువ్వాల. ఇయ్యి."

ఆ అడగడంలో ఏముందో గానీ, మోహన్ తెల్లబోయి ఇచ్చేశాడు. గీతాంజలి తలుపు ముందే, దుమ్ములో, బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒళ్లో తువ్వాల పరుచుకుంది.

"నేను తప్పు మాట అన్నా. మిమ్మల్ని కాదు, నన్ను నేను అనుకోవల్సింది. జీవాల లెక్క నోటితో అడగకూడదని మా నాయన నాకు నేర్పినాడు. నేను మైకు పెట్టి అడిగితి. అడగరాని తీరున అడిగితే మీరట్లే చెప్తారు, చెప్పల్ల గూడా. మా నాయనైనా అట్లే చెప్పేటోడు. ఇప్పుడు నోటితో అడగను. ఒక్కొక్కరొచ్చి ఈ తువ్వాల కింద చెయ్యి పెట్టండి. ముందు నూర్లు, ఆ తర్వాత పదులు. నూరు లేకుంటే పిడికిలి. ఒకరి లెక్క ఇంకొకరికి నా నోట రాదు. అన్నీ మనసులో కూడుకోని మొత్తం మాత్రం చెప్తా. అది మైకులో చెప్పిందానికి సరిపోతే, అన్సర్‌ను నేనే నా బండి మీద స్టేషనుకు తీస్కపోతా. ఆ తర్వాత ఈ ఉద్యోగానికి రాను."

గుంపులో కదలిక. ఎవరో నవ్వారు. "ఆడపిల్ల తువ్వాల కింద చెయ్యి పెడతాదంటనే! సంత ఎంత పైకొచ్చిందప్పా!"

"నా పెండ్లాం సూస్తే నన్ను దొడ్లోనే పండుకోబెడతాది," అన్నాడు ఇంకొకడు.

"ఇప్పుడు మాత్రం యాడ పండుకుంటాండావులే," అంది పెద్దసుబ్బమ్మ.

ఆ నవ్వు పెద్దదేం కాదు. కానీ అంతసేపూ బిగుసుకున్న షెడ్డులో అది గాలి సందులాగా వచ్చింది. పెద్దసుబ్బమ్మ కర్ర పక్కన పడేసి, మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ గీతాంజలి ఎదుట కూర్చుంది. "నా సెయ్యి పట్టుకోను ఎవరికీ అడ్డం లేదు గదా?" అంటూ తువ్వాల కిందికి చెయ్యి తోసింది.

ఎండిన కట్టెలాంటి చెయ్యి. పొద్దున వేసిన మన్ను ఇంకా గోళ్లలో ఉంది. నూరు కూడా లేవని మైకులో చెప్పిన ముసలామె, గీతాంజలి చేతివేళ్లను తడుముకుని, రెండింటిని పట్టుకుంది. ఆ తర్వాత పదులు. చచ్చినవి పోను ఇంకా అన్ని. పట్టుకుని వెంటనే వదల్లేదు. వంగి, గీతాంజలికి మాత్రమే వినబడేట్టు అంది: "నేను దాసినందుకేనేమే అవి పోయింది?"

"కాదవ్వా," అంది గీతాంజలి. "నేను అడిగిన తీరుకు పోయినాయి."

పెద్దసుబ్బమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని లేచింది. "రాండప్పా, కొరకదులే," అంది అందరికీ వినబడేట్టు.

ఒకరి తర్వాత ఒకరు రావడం మొదలుపెట్టారు. కూర్చునేటప్పుడు కోపంగానే కూర్చున్నారు. తువ్వాల కిందికి చెయ్యి పోయాక మాత్రం ఆ కోపం ఏమైపోయేదో, మొహం సంతలో మొహంలాగా అయ్యేది. చూపు ఎటో పోయేది. వేళ్లు మాత్రం తడబడకుండా చెప్పేవి. గీతాంజలి ఒక్కొక్క అంకెనూ ముందు అంకెకు కలుపుకుంటూ, పెదవి కదపకుండా, మరిచిపోతానేమోనన్న భయంతో ఊపిరి కూడా చిన్నగా తీసుకుంటూ కూర్చుంది. ఒక్క అంకె జారితే మొత్తం జారిపోతుంది. అన్సర్ జారిపోతాడు. సగం వాల్చిన రెప్పల సందులోనుంచి షెడ్డు బయట నీడలు పొడుగవడం కనబడుతోంది.

మోహన్ అందరికంటే వెనక వచ్చాడు. కూర్చున్నాడు, చెయ్యి పెట్టాడు, పెట్టి ఊరుకున్నాడు. అతని అరచెయ్యి చెమటతో తడిసి ఉంది. కాసేపటికి వేళ్లు పట్టాడు. మైకులో చెప్పిందానికి రెండింతలు దాటింది. అప్పుడు ఆమె మొహంలోకి చూశాడు. తను దాచినట్టే ఇంతమందీ దాచారన్న సంగతి అతనికి ఆమె కళ్లలో కనబడిందో, లేక ఆమె వేళ్లు పట్టుకున్నప్పుడే అర్థమైందో, చెయ్యి లాక్కుని తల దించుకున్నాడు.

గీతాంజలి కళ్లు మూసుకుని ఒకసారి మొదటినుంచీ కూడుకుంది. మళ్లీ తెరిచింది.

"ఛైర్మన్ మామవి అటుంచి, తక్కిన మనమందరం కలిసి మైకులో చెప్పింది పదహైదు నూర్లు. ఆ లెక్కకే మందు వచ్చింది. ఈ తువ్వాల కింద వచ్చింది ముప్పై నూర్ల పైన."

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చూసుకుని, ఎదుటివాడి మొహంలో తమ మొహమే కనబడినట్టు చూపు తిప్పుకున్నారు. మూలనున్న ముసలాయన ఒకడు గొంతులోనే నవ్వి, "నేనొక్కన్నే అనుకుంటినే," అన్నాడు. అంతే, ఆ మాటతో షెడ్డులోని బిగువంతా సడలిపోయింది. ఒకడు కంబళి దులిపి పరుచుకున్నాడు. ఇంకొకడు అగ్గిపెట్టె అడిగాడు.

మోహన్ జేబులోంచి బండి తాళం తీశాడు. మందుల గది తలుపు తోసి, గడపలోనుంచే తాళం చాచాడు. "అన్సరూ, ఇదో," అన్నాడు.

అన్సర్ బయటికి వచ్చి తాళం తీసుకున్నాడు. నవ్వలేదు. తెగిన గుండీ దగ్గర చొక్కాను చేత్తో పట్టుకుని ఉన్నాడు. "నీ మందకు నాలుగేండ్లుగా సూదులేస్తాండానన్నా. ముందొకసారి నా మొగం సూసి అడిగింటే బాగుండు," అన్నాడు.

నిజం తేలినంత మాత్రాన చొక్కా గుండీ తిరిగి అతుక్కోదని గీతాంజలికి తెలుస్తూనే ఉంది. కానీ అది తర్వాతి సంగతి. ఇప్పుడు రంగు పడని జీవాలను విడదీయాలి. రేపటికల్లా మందు రావాలి. ఈసారి ఒక్క సీసా కూడా తక్కువ కాకూడదు.

"సీసాలు ఎన్నో ఇప్పుడే ఫోన్ చేసి చెప్తా," అంటూ లేవబోయింది.

"ఛైర్మన్ మామవి కలపలేదు గదక్కా," అన్నాడు అన్సర్. పనివాడి గొంతు, వేరే ఉద్దేశమేమీ లేదు. "ఆ దొడ్డి నేను సూడనే లేదు."

అందరి తలలూ కుళ్లాయప్ప వైపు తిరిగాయి. ఆయన స్తంభానికి ఆనుకుని సెల్‌ఫోను చూసుకుంటున్నాడు. ఇంతసేపూ ఆయన అక్కడే, అలాగే ఉన్నాడని గీతాంజలికి అప్పుడు గుర్తొచ్చింది.

"నాది చెప్పిందే ఖాయం," అన్నాడు. "రెండు నూర్లు. అందులో దాపరికం లేదు. సూదులు గూడా నేనే ఏసుకుంటి. నన్నొదిలేయండి."

"మేమందరం పెట్టలేదా చేతులు? నీదేమన్నా బంగారు సెయ్యా కుళ్లాయప్పా?" అంది పెద్దసుబ్బమ్మ.

"పెట్టు మామా, ఒక పనైపోతాది," అన్నాడు మోహన్. తను చేసిన తప్పును ఎలాగో సర్దుకోవాలన్న తొందర అతని గొంతులో ఉంది.

కుళ్లాయప్ప నవ్వాడు. చొక్కా నలగకుండా పంచె సర్దుకుని వచ్చి కూర్చున్నాడు. తువ్వాల కిందికి చెయ్యి వచ్చింది. వచ్చి, గీతాంజలి వేళ్ల దగ్గర ఆగిపోయింది. ముప్పై ఏళ్లు సంతలు తిరిగిన చెయ్యి. రెండు వేళ్లు పట్టుకుని లేచిపోవడానికి రెప్పపాటు కూడా పట్టకూడదు.

ఆ చెయ్యి కదల్లేదు.

గీతాంజలి ఆయన మొహంలోకి చూసింది. నవ్వు అలాగే ఉంది, అతికించినట్టు. ఆ తర్వాత, మెల్లగా, తువ్వాల కింద పిడికిలి తగిలింది.

పిడికిలి. నూరు లేవు.

పొరపాటున పట్టాడనుకుంది. కానీ ఆ పిడికిలి విచ్చుకుని, ఆమె చేతివేళ్లలో మూడింటిని పట్టుకుంది. ముప్పై.

అందరూ ఉన్నవాటిని దాస్తే, ఈయన లేనివాటిని చెప్పాడు. నిజంగానే రెండు నూర్లు ఉండి ఉంటే మిగతావి ఎక్కడ? అన్సర్‌ను గేటు దగ్గరే ఎందుకు ఆపాడు? అతన్ని స్టేషన్లో అప్పజెప్పెయ్యాలని అందరికంటే తొందర ఈయనకే ఎందుకు? సూదులు పడి మందు పట్టేదాకా ఏ మందలోనుంచీ ఒక్క పొట్టేలు కూడా బయటికి పోకూడదని కంపెనీ తీర్మానం చేసిన రోజు, అబ్దుల్ వాహిద్ చేతిలో చెయ్యి వేసి హామీ ఇచ్చింది ఈయనే. ఖుర్బానీకి పోయే జీవం ఏ రోగమూ, ఏ లోపమూ లేకుండా ఉండాలని, తన మాట నమ్మి పొట్టేలు కొనేవాళ్లు ఉన్నారని వాహిద్ మరీ మరీ చెప్పి పోయాడు.

"మామా," అంది ఊపిరి తగ్గించి. "తక్కినవి యాడ?"

కుళ్లాయప్ప పెదవులు కదలలేదు. మాట మాత్రం వచ్చింది. "తువ్వాల కిందిది తువ్వాల కిందనే అన్నావు పాపా. ఇంతమంది ముందర అన్నావు. నీ మాట మీదనే వీళ్లంతా చేతులు పెట్టిరి. ఈ పొద్దు ఒకరిది బయట పెడితే, రేపు నిన్నెవరు నమ్ముతారు?"

పక్కన నేల మీదున్న ఆమె సెల్‌ఫోను మోగింది. తెర మీద వాహిద్ భాయ్ పేరు. ఎడమచేత్తో తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

"బేటా గీతా," ప్రొద్దుటూరు నుంచి వాహిద్ గొంతు, వెనక మేకపిల్లల అరుపులు. "మీ ఛైర్మన్ దించిపోయిన పొట్టేళ్లలో కొన్నిటికి ముక్కులు కారుతాండాయి. మేత ముట్టడం లేదు. నా దొడ్డిలో ఉండేటివన్నీ పండుగవే, అన్నీ ఒక్కచోటే కట్టేసినాము. నీ నోటితో చెప్పు బేటా. వాటికి సూదులు పడినాయా, లేదా?"

"మొత్తం ఎంతొచ్చె పాపా?" వెనకనుంచి ఎవరో అడిగారు. "సెప్పు, మందుకు ఫోన్ చెయ్యల్ల గదా."

తువ్వాల కింద కుళ్లాయప్ప పట్టు బిగిసింది. తువ్వాల పైన, షెడ్డులోని కళ్లన్నీ ఆమె నోటివైపే చూస్తున్నాయి.